పార్కుకి కూతవేటు దూరంలో

ఊరెళ్ళొచ్చిన వాళ్ళని మా కాకినాడలో ముందుగా అడిగేది ఏం చూశారని కాదు, ఎక్కడ దిగారని. చుట్టాలింట్లో అంటే "మంచి పని చేశారు" అంటారు. హోటల్లో అంటే "ఎందుకండీ అంత ఖర్చు" అంటారు. మేము బహదూర్‌పురాలో దిగామంటే మాత్రం ఎవరికీ ఏమనాలో తోచడం లేదు. పిల్లని రైడ్లున్న పార్కుకి తీసుకెళ్ళడానికి హైదరాబాద్ వెళ్ళి, ఆ పార్కుకి ఊరంత దూరంలో ఉన్న పాతబస్తీలో దిగడమేమిటని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇలా రాస్తున్నాను. పిల్లలతో వెళ్దామనుకునే వాళ్ళకి పనికొస్తుంది. నేను చేసిన పొరపాటు చేయకుండా ఉంటారు, చేసినా మరీ నష్టపోరు.

ఎక్కడ దిగాలి?

మా హాసినికి పదేళ్ళు. మా ఇంట్లో ఎత్తు ఎక్కే ధైర్యం ఎవరికీ లేదు. మా ఆయన స్టూలెక్కి బల్బు మార్చాలంటే స్టూలు పట్టుకోవడానికి ఇద్దరం కావాలి. నేను మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు పిట్టగోడ వైపు చూడను. ఆ పోలికలే పిల్లకి వచ్చాయి. నిరుడు మా ఊళ్ళో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు క్లాసు పిల్లలందరూ జెయింట్ వీల్ ఎక్కారు. మా పిల్ల మాత్రం అందరి బ్యాగులూ మెడలో వేసుకుని కింద నిలబడింది. అప్పట్నించి బడిలో దానికి 'బ్యాగుల హాసిని' అని పేరు పడిపోయింది.

ఈ సెలవుల్లో ఎలాగైనా ఎక్కి తీరతానని అదే అంది. ఒక్కటే షరతు: కింద నానమ్మ నిలబడి చూస్తూ ఉండాలి. సైకిల్ నేర్చుకున్నప్పుడు మా అత్తయ్యగారు వీధి గుమ్మంలో నిలబడి చూశారట, అందుకే పడలేదట. నానమ్మ చూస్తుంటే తనకేమీ కాదని దాని నమ్మకం. నేనూ వాళ్ళ నాన్నా ఎంత కళ్ళప్పగించి చూసినా ఆ లెక్కలోకి రాము.

అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. పైగా చుట్టాల ఇళ్ళలో తప్ప ఇంకెక్కడా ఒక రాత్రి గడిపి ఎరగరు. ఆవిడా ఒక షరతు పెట్టారు.

"వస్తానమ్మా, దానికోసం వస్తాను. కానీ పార్కు పక్కనే గది ఉండాలి. అలిసిపోతే వచ్చి నడుం వాల్చాలి కదా? గంటలు గంటలు బస్సుల్లో కుదిపారంటే నేను రాను, మీరు వెళ్ళి రండి."

అంటే అత్తయ్యగారు రావాలంటే గది దగ్గరుండాలి, పిల్ల వీల్ ఎక్కాలంటే అత్తయ్యగారు రావాలి. ఆ గది వెతికే బాధ్యత నా మీద పడింది. మా ఆయన పార్కులోపల ఉన్న రిసార్టు చూపించారు. రేటు చూసి వెంటనే ఆ పేజీ మూసేశాం. తర్వాత అమీర్‌పేట హోటళ్ళు చూపించారు. అవి మరీ దూరం. ఇంతలో మా స్కూల్లో సైన్సు చెప్పే టీచరు ఒక ఫోన్ నంబరిచ్చింది. వాళ్ళ చెల్లెలు కుటుంబం పిల్లలతో వెళ్ళి ఒక ఇంట్లో పైపోర్షన్లో దిగారట, పార్కుకి నడిచే వెళ్ళొచ్చారట, ఇంటావిడ బంగారమట. వెంటనే ఫోన్ చేశాను.

"పార్కు మీ ఇంటికి దగ్గరేనా అండీ?"

"దగ్గర్నే బిడ్డా, గింతే. పొద్దుగాల పులి ఒర్రితె మా ఇంట్ల ఇనొస్తది."

'ఒర్రడం' ఏమిటో నాకు తెలియలేదు. పులి ఒర్రుడు అంటే ఏదో రైడు పేరనుకున్నాను. ఈ పార్కుల్లో డైనోసార్లు, కొండగుహలు, రకరకాలవి పెడతారు కదా!

"పెద్దావిడ ఉన్నారండీ, మోకాళ్ళ నొప్పులు. నడవగలరా?"

"నాకు గూడ మోకాళ్ళు నొస్తయి. నేనే రోజు పొద్దుగాల పార్కుకు పోయొస్త. ఏం ఫికర్ జేయకు."

ఇక్కడైనా నాకు అనుమానం రావాల్సింది. ఇంటాయన పూజారి అని టీచరు చెప్పే ఉంది. పూజారిగారి భార్య మోకాళ్ళ నొప్పులతో రోజూ పొద్దున్నే రోలర్ కోస్టర్ ఎక్కి రావడమేమిటని ఎవరైనా ఆలోచిస్తారు. నేను మాత్రం హైదరాబాద్ వాళ్ళ హుషారే వేరనుకున్నాను.

"మ్యాపులో చూశావా?" అని మా ఆయన అడిగారు.

"నోరున్న మనిషినే అడిగాక మళ్ళీ మ్యాపెందుకు?" అని ఒంటికాలి మీద లేచాను. ఆ ముక్క ఆయన ఇప్పటికీ నాకు అప్పజెబుతున్నారు.

బహదూర్‌పురా

పొద్దున్నే రైలు దిగి ఆటో ఎక్కాం. మూసీ దాటాక వీధులు ఇరుకై, సైన్‌బోర్డులు మూడు భాషల్లోకి మారి, రొట్టెల బట్టీల వాసన మొదలైంది. అటూ ఇటూ బళ్ళు మమ్మల్ని ఒరుసుకుంటూ పోతుంటే అత్తయ్యగారు కళ్ళు మూసుకుని నామం చదువుకున్నారు. ఆటో అతను వెనక్కి తిరిగి, "అమ్మా, ఆరాంగ కూసోండ్రి, ఏం గాదు" అన్నాడు. అతను అలా వెనక్కి తిరిగి చెప్పడమే మా భయం.

ఇంటావిడ అనసూయమ్మగారు గుమ్మంలోనే ఉన్నారు. పొట్టిగా, గుండ్రంగా, నుదుట పెద్ద కుంకుమ బొట్టుతో. వాళ్ళు తరతరాలుగా ఆ వీధి చివరి అమ్మవారి గుడిలో పూజ చేసేవాళ్ళు. నేను "బాగున్నారా అండీ, రూము చూపిస్తారా అండీ" అంటుంటే ఆవిడ నవ్వేశారు.

"గీ అండీలు గిండీలు ఏంది బిడ్డా? మా అమ్మనే నేను నువ్వు అంటుంటి."

ఆ నోటితోనే అత్తయ్యగారిని "రా వదినె, కూసో, చాయ్ తాగు" అన్నారు. మా వైపు వియ్యపురాలిని కూడా "రండి వదినగారూ, కూర్చోండి" అంటారు తప్ప చూసిన మొదటి నిమిషంలో నువ్వు అనరు. అత్తయ్యగారి ముఖం కాస్త బిగుసుకుంది. కానీ చాయ్ బాగుందో, ఆ పిలుపు బాగుందో, రెండో గుక్కకి సర్దుకున్నారు.

హాసిని అప్పటికే మేడ మీదికి పరిగెత్తింది. జెయింట్ వీల్ ఎటువైపు ఉందో చూడాలని దాని ఆత్రం. వెనకాలే నేనూ వెళ్ళి, పిట్టగోడకి ఆమడ దూరంలో నిలబడి చూశాను. ఎటు చూసినా చెట్లు, వాటి వెనక ఇంకా చెట్లు. వీల్ లేదు, రంగు రంగుల గొట్టాలు లేవు, పాటలు లేవు. సరిగ్గా అప్పుడే ఆ చెట్లలోంచి ఒక గాండ్రింపు వచ్చింది. హాసిని నా నడుము పట్టుకుని వదల్లేదు.

"చెప్పలేదా, పులి ఒర్రుతది అని!" అంటూ అనసూయమ్మగారు ఆయాసపడుతూ పైకి వచ్చారు.

"ఇది నిజం పులా?"

"మరి? పార్కుల అబద్ధం పులి ఉంటదా?"

"పార్కంటే... రైడ్లుండే పార్కు కదండీ? జెయింట్ వీల్, నీళ్ళ జారుడుబండలు..."

ఆవిడ నన్ను జాలిగా చూశారు. "గదేంది బిడ్డా! పార్కంటే గిదే పార్కు. జూపార్కు. నేను గీ ఇంటికి కోడలై వచ్చినప్పటి సంది పార్కు అంటే గిదే. నువ్వు చెప్పే ఆటల పార్కు ఊరవతల, రింగు రోడ్డు దాటినంక ఉంటది. గీడికెళ్ళి మస్తు దూరం."

నాకు తల కొట్టేసినట్టయింది. ఫోన్లో పార్కు, పార్కు అని అన్ని సార్లు అడిగాను, ఆవిడ అన్ని సార్లూ నిజమే చెప్పారు. అయినా ఊరుకోలేక, "అందరికీ పార్కంటే జూ అని ఎలా తెలుస్తుందండీ?" అని గట్టిగానే అన్నాను. "ఈడ అందరికి ఎర్కనే" అన్నారావిడ. కింద విషయం విని మా ఆయన ఫోన్ తీసి మ్యాపు తెరిచి, చూసి, కాగితం మ్యాపుని మడిచిపెట్టినంత భద్రంగా ఫోన్‌ని జేబులో పెట్టుకున్నారు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అత్తయ్యగారు మాత్రం స్థిమితంగా, "సరే, అయితే రేపు మీరు ముగ్గురూ వెళ్ళి రండి. నేనిక్కడ వదినగారితో ఉంటాను. అంత దూరం నావల్ల కాదు" అన్నారు. నేను హాసిని వైపు చూశాను. అది ఏడవలేదు. రైల్లోంచి తెచ్చిన బ్యాగు మళ్ళీ మెడలో వేసుకుని కూర్చుంది.

దగ్గర్లో ఉన్న పార్కు

ఫలహారానికి అనసూయమ్మగారు ఖిచిడీ, ఖట్టా పెట్టారు. మనకి పొద్దున్నే ఇడ్లీ, పెసరట్టు పడాలి కదా, పొద్దున పూట అన్నమేమిటని అత్తయ్యగారు నా చెవిలో గొణిగారు. ఖిచిడీ పొడిపొడిగా పసుపురంగులో ఉంది. ఖట్టా అంటే నువ్వులపొడి కలిపిన చింతపండు పులుసు, కాచకుండా చేస్తారు. మన పచ్చిపులుసుకి పెద్దింటి అక్క అనుకోండి. గొణిగిన అత్తయ్యగారే రెండోసారి వడ్డించుకున్నారు.

పక్కనే ఉంది కదా అని మధ్యాహ్నం జూకి వెళ్ళాం. నిజంగానే అయిదు నిమిషాల నడక. ఆ పూట మా ఆయన మౌనవ్రతంలో ఉన్నారు కాబట్టి టికెట్లు, దారులు అన్నీ నేనే చూశాను. బ్యాటరీ బండిలో తిరుగుతుంటే పక్క సీట్లో కర్నూలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఏనుగుని చూపించి, "మా ఆవిడ కూడా మెల్లిగానే నడుస్తుంది, కానీ ఎదురు నిలబడకూడదు" అన్నాడు. ఆయన భార్య వెనక సీట్లోంచి చేతిసంచీతో భుజం మీద ఒక్కటిచ్చింది. మా ఆయన అప్పుడు పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వారు.

పొద్దుట మమ్మల్ని హడలగొట్టిన పులి కాళ్ళు చాపుకుని వెల్లకిలా నిద్రపోతోంది. దాన్ని చూసి హాసినికి కోపం వచ్చింది. "ఇంత సుఖంగా పడుకునేదానికి అంత అరుపు ఎందుకు?" అంది. అత్తయ్యగారు కాసేపటికి అలిసిపోయారు. నేను తీసుకెళ్ళి ఇంట్లో దింపితే, హాయిగా నడుం వాల్చి ఓ కునుకు తీశారు. అంతా అనుకున్నట్టే జరిగింది, వేరే పార్కులో.

చార్మినార్

సాయంత్రం అనసూయమ్మగారే బయల్దేరదీశారు. హైదరాబాద్ వచ్చి గాజులు కొనకుండా పోతే ఆవిడకి పరువు తక్కువట. ఆ ఇరుకు బజారులో దీపాల వెలుగుకి గాజులన్నీ మండుతున్నట్టే ఉన్నాయి. దుకాణదారుతో అనసూయమ్మగారు ఉర్దూలో మొదలుపెట్టి, తెలుగులోకి దిగి, మళ్ళీ ఉర్దూలోకి ఎక్కారు.

"క్యా భాయ్, రోజు వచ్చేటోళ్ళకు గూడ గిదే రేటా?"

"అమ్మా, మీకు ఎక్కువ చెప్తనా? తెచ్చిన రేటుకే ఇస్తున్న, కసమ్ సే."

"అయితె తేకుండ్రి, నష్టం ఎందుకు?"

అతను పకపకా నవ్వి రేటు సగానికి దించాడు. మా ఊళ్ళో ఇలా అంటే గొడవైపోతుంది. ఇక్కడ గొడవే పలకరింపు. నాకు హుషారొచ్చి పక్క కొట్లో నేనూ నా బళ్ళో నేర్చుకున్న హిందీతో బేరం మొదలుపెట్టాను. "కృపయా కుచ్ మూల్య కమ్ కీజియే" అన్నాను. అతను దిగ్గున లేచి నాకు కుర్చీ వేశాడు, రేటు మాత్రం పైసా తగ్గించలేదు. నా పుస్తకాల హిందీ విని బ్యాంకు నుంచి వచ్చాననుకున్నాడని అనసూయమ్మగారు తర్వాత చెప్పారు.

తర్వాత ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ ఇరవై రూపాయలు, చిక్కగా, పంచదార దండిగా. ఉస్మానియా బిస్కెట్ ఎలా ముంచాలో పక్క బల్ల మీది ఇద్దరు కుర్రాళ్ళు హాసినికి నేర్పారు. దానిది మొదట విరిగి కప్పులో పడిపోయింది. "అరే, జల్దీ తీయాలి, అంతసేపు ఉంచొద్దు" అని వాళ్ళు తమ ప్లేటులోంచి ఇంకోటి ఇచ్చారు. పిల్ల నవ్వుతూనే ఉంది కానీ, తిరిగి వస్తుంటే ఆటోలో నా భుజాన వాలి మెల్లిగా అంది:

"అమ్మా, రేపు వెళ్ళినా నేను వీల్ ఎక్కనులే. ఫరవాలేదు. నాకు పులి చాలు."

ఆ 'ఫరవాలేదు' నాకు గుచ్చుకుంది. వెళ్ళేది ఒక్క రోజు. మళ్ళీ ఇంత దూరం ఎప్పుడొస్తామో తెలియదు. ఎవరినీ అనడానికి లేదు, గది వెతికింది నేనే.

మళ్ళీ అదే ప్రశ్న

మర్నాడు తెల్లవారగానే లేచి కిందికి వెళ్ళేసరికి అత్తయ్యగారు, అనసూయమ్మగారు వసారాలో చాప వేసుకుని పూలు కడుతున్నారు. గుడి కోసం ఇంటాయన పంతులుగారు చీకటితోనే గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కి వెళ్ళి బుట్టెడు బంతులు, చేమంతులు తెచ్చారు. మేము మూర లెక్కన కొనే పూలు అక్కడ కిలోల్లో తూకం వేస్తారట. అత్తయ్యగారు అరటినారతో కడతారు, ఆవిడ దారంతో. ఎవరి దండ గట్టిదని ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాగి చూసుకుంటున్నారు. కిందటి రోజు 'నువ్వు' అంటే బిగుసుకున్న మనిషి, "నువ్వు మరీ ఒత్తుగా కడుతున్నావు వదినా" అంటున్నారు. నేను విన్నది నిజమేనా అని ఆగిపోయాను.

మా ఆయన మౌనవ్రతం విరమించి ఒక ఉపాయంతో వచ్చారు. పార్కు గేటు పక్కనే ఒక హోటల్ దొరికిందట. సామాన్లన్నీ తీసుకుని అక్కడికి మారిపోదాం, అమ్మ అలిసిపోతే గదిలో పడుకుంటుంది అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. నా తప్పు దిద్దుకునే దారి దొరికింది కదా.

అత్తయ్యగారు దండ కింద పెట్టారు. "ఆ హోటల్లో నేనొక్కదాన్నీ గదిలో పడుకోవాలా? మీరంతా పార్కులో ఉంటే? ఎవడో తలుపు తట్టి ఇంగ్లీషులో ఏదో అడుగుతాడు. నేను పడుకోలేనురా. వద్దు."

హాసిని మెట్ల మీద కూర్చుని బూటు లేసులు కట్టుకుంటోంది. తల ఎత్తలేదు. వీల్ సంగతి, బ్యాగుల సంగతి అప్పటికి అనసూయమ్మగారికి అత్తయ్యగారే చెప్పినట్టున్నారు. ఆవిడ దారం పళ్ళతో తెంపి, మా అందరినీ ఒకసారి చూశారు.

"పండుకోనీకి గదే గావాల్నా? పక్కన మనిషుంటె సాలదా? నేను గూడ వస్త. వదినెకు నిద్రొస్తె నా భుజం మీద తల వెట్టి పండుకుంటది. ఇన్నేండ్లయె హైదరాబాద్ల ఉండవట్టి, ఆ పార్కు నేను గూడ చూడలే."

"ఇంట్లో పని, గుడి పని ఉంటుంది కదండీ" అన్నాను.

"ఒక్కరోజు పంతులే చేసుకుంటడు తియ్యి. నా చేతి వంట తిని తిని ఆయనకు గూడ ఇసుగు రాలే?"

లోపల్నించి పంతులుగారి గొంతు వినిపించింది. "నేను గట్ల ఎన్నడన్న?" పాపం, ఆయన రెండ్రోజుల్లో మాట్లాడింది అదొక్కటే. అత్తయ్యగారు అనసూయమ్మగారి వైపు చూశారు, హాసిని వైపు చూశారు. "దారిలో రెండుసార్లు ఆపుతారా మరి?" అన్నారు. పిల్ల అప్పుడు తలెత్తింది.

ఊరవతలికి

వీధిలోనే ఉండే జహంగీర్ భాయ్ తన వ్యాను తెచ్చాడు. తెల్ల గడ్డం, మల్లెపువ్వులా ఇస్త్రీ చేసిన చొక్కా. దారి తెలుసా అని మా ఆయన అడిగారు. నాతో కాపురం చేశాక ఆయనకి అడగడం అలవాటైంది.

"ఎందుకు తెల్వదు సాబ్? పర్సోనే పోయొచ్చిన."

పర్సోఁ అంటే మొన్న. హిందీలో ఆ మాత్రం మాకూ వచ్చు కాబట్టి నిశ్చింతగా కూర్చున్నాం. ఊరు దాటాక అతను ఒక ఫ్లైఓవర్ ముందు ఆగి, గడ్డం సవరించుకుని, "గిది ఎప్పుడు కట్టిన్రు?" అని తనలో తను అనుకున్నాడు.

"భాయ్, మీరు మొన్నే వచ్చానన్నారు కదా?"

"మొన్న గాదు సాబ్, పర్సో. మా బిడ్డ చిన్నగున్నప్పుడు తీస్కొచ్చిన. ఇప్పుడు ఆమెకు ఇద్దరు పిల్లలు."

అనసూయమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. పాతబస్తీలో పర్సోఁ అంటే నిన్న కానిది ఏదైనా కావచ్చట, మొన్న కావచ్చు, నిజాం కాలం కావచ్చు. ఈసారి దారి తప్పింది నావల్ల కాదు కాబట్టి నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. మా ఆయన మ్యాపు తీశారు. తప్పిన దారిలోనే ఒకచోట ఆగి తాటిముంజలు తిన్నాం. అమ్మే ఆవిడ మా మాట విని, "మీరు ఆంధ్రోళ్ళా? మాట సాగదీస్తున్రు" అంది. సాగదీసేది తామేనని మా అత్తయ్యగారు ఆవిడకి వివరంగా, సాగదీసి చెప్పారు.

వీల్ కింద

పార్కు గురించి ఎక్కువ రాయను, అలాంటివి మీరు ఫోటోల్లో చూసే ఉంటారు. గుమ్మంలో అనసూయమ్మగారి చేతిసంచీ వెతికితే చక్కిలాల డబ్బా బయటపడింది. బయటి తిండి తేకూడదని కాపలా అమ్మాయి అంది. ఆవిడ ఆ అమ్మాయి చేతిలో రెండు చక్కిలాలు పెట్టి, "నువ్వు తిన్నవా బిడ్డా పొద్దుగాలకెళ్ళి?" అని అడిగారు. డబ్బా గుమ్మంలోనే ఉంచాల్సి వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు అందులో సగం ఉన్నాయి.

వదినా వదినా చేతులు పట్టుకుని తిరిగారు. బొమ్మల రైలెక్కారు. నీళ్ళు జల్లే చోట చీరలు పైకి దోపుకుని నిలబడి, తడిసి, చిన్నపిల్లల్లా ఒకరినొకరు ముందుకి తోసుకున్నారు. మా అత్తయ్యగారు అంత గట్టిగా నవ్వగలరని పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు తెలియదు. హాసిని మాత్రం చిన్న చిన్న రైడ్లు ఎక్కుతూ, జెయింట్ వీల్ వైపు ఓరగా చూస్తూ, "తర్వాత, తర్వాత" అంటూ వచ్చింది. భోజనాలయ్యాక ఇంక వాయిదా వేయడానికి ఏమీ మిగల్లేదు.

వీల్‌కి ఎదురుగా చెట్టు కింద బల్ల ఉంది. అక్కడైతే పైనుంచి బాగా కనిపిస్తారని హాసినే ఎంచింది. పెద్దవాళ్ళిద్దరూ కూర్చున్నారు. నేనూ పిల్లా వరసలో నిలబడ్డాం. మా ఆయన దూరంగా, వీల్‌కి వీపు పెట్టి నిలబడ్డారు, చూస్తేనే తల తిరుగుతుందని. వరస మెల్లిగా కదులుతోంది. ఎండ, అలసట, కడుపు నిండా భోజనం. ఇంక మా ముందు ఇద్దరే ఉన్నారనగా నేను వెనక్కి చూశాను.

అత్తయ్యగారు అనసూయమ్మగారి భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నారు. కళ్ళజోడు ముక్కు మీంచి జారిపోబోతోంది. నేను పరుగున వెళ్ళి ఆ కళ్ళజోడు తీసి పట్టుకుని, లేపడానికి చెయ్యి చాపాను. ఇంత దూరం వచ్చింది ఈ అయిదు నిమిషాల కోసమే కదా. నా వెనకాలే వరస వదిలేసి వచ్చిన హాసిని నా చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. లేపకు."

"నువ్వెక్కాలి కదే! నానమ్మ చూడాలన్నావుగా?"

అది నానమ్మ ముఖంలోకి కాసేపు చూసింది. తడిసిన చీర కుచ్చిళ్ళు ఇంకా ఆరలేదు, నోరు కొంచెం తెరుచుకుంది. అనసూయమ్మగారు భుజం కదల్చకుండా, కళ్ళతోనే పిల్లని అడిగారు ఏం చేస్తావని.

"చాలా అలిసిపోయింది" అంది హాసిని. అని, తిరిగి వరసలోకి వెళ్ళిపోయింది.

నేను వెనకాల పరుగెత్తాను. ఎక్కే చోట నిలబడ్డ అతను "తోడెవరు?" అని అడిగాడు. నా కాళ్ళు ముందుకి పడలేదు. సిగ్గు విడిచి రాస్తున్నాను, పడలేదు. ముందున్న ఇద్దరు కాలేజీ అమ్మాయిలు వెనక్కి తిరిగి, "మాతోని రా చెల్లె" అని చెయ్యి అందించారు. అది ఎక్కింది. తలుపు పడింది. వీల్ కదిలింది.

అది పైకి వెళ్తుంటే తలెత్తాను. కమ్మీ పట్టుకున్న రెండు చేతులు తప్ప ఏమీ కనిపించలేదు. రెండో చుట్టులో ముఖం కనిపించింది. మూడోసారి ఒక చెయ్యి కమ్మీని వదిలేసి, మెల్లిగా గాల్లోకి లేచి ఊగింది. నాకు కాదు, చెట్టు కింద బల్ల వైపు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

దిగి కాళ్ళు తడబడుతూ బల్ల దగ్గరికి వచ్చేసరికి అత్తయ్యగారు ఉలిక్కిపడి లేచారు. పిల్ల ముఖం చూశారు, వీల్ చూశారు. విషయం అర్థమై ఒక్క క్షణం ఆవిడ ముఖం వాడిపోయింది. అంతలోనే సర్దుకుని హాసినిని ఒళ్ళోకి లాక్కున్నారు.

"ఎంత పైకి వెళ్ళావే తల్లీ! రెప్ప వేయకుండా చూస్తూనే ఉన్నాను."

"తెలుసు నానమ్మా," అంది హాసిని. "పైనుంచి నాకు కనిపించావు. అందుకే భయం వేయలేదు."

అనసూయమ్మగారు తిమ్మిరెక్కిన భుజం నిమురుకుంటూ చెట్టుకొమ్మల్లోకి చూస్తున్నారు. ఎవరేం చెప్పినా సరిదిద్దందే ఊరుకోని నేను కూడా నోరు విప్పలేదు. నా చేతిలో ఉన్న అత్తయ్యగారి కళ్ళజోడు మెల్లిగా ఆవిడ చేతిలో పెట్టాను.